పాత స్టేషన్ వ్యాగన్ వెనక సీటుకి త్రీ పాయింట్ బెల్టులు బిగించడం ఎలా?

కారు దేన్నో గుద్దుకుని ఒక్కసారిగా ఆగిపోయినా, వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్న మనిషి ఆగడు. కారు ఎంత వేగంలో ఉందో అదే వేగంతో వెళ్లి ముందు సీటు వీపు మీద పడతాడు. ముందు కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకున్నా, వెనకనుంచి వచ్చి పడే ఆ బరువు వాళ్లనీ నలిపేస్తుంది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయాక ఈ సంగతి దేశమంతా చర్చకొచ్చింది. ఆ కారులో వెనక బెల్టులు ఉన్నాయి, పెట్టుకోలేదు. మన షెడ్లలో ఉన్న పాత ఎస్టేట్ (స్టేషన్ వ్యాగన్) కార్లలో చాలావాటికి పెట్టుకుందామన్నా వెనక బెల్టు లేదు.

అంబాసిడర్ ఎస్టేట్‌ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్ లాంటివాటికీ సూత్రాలు ఇవే, కొలతలు మాత్రం మీ బండి మీదే తీసుకోవాలి. అమలాపురం నుంచి రాజోలు మీదుగా నరసాపురం వెళ్లే 216 జాతీయ రహదారి మీద ఇప్పుడు బళ్లు పరుగెత్తే వేగం, ఈ కార్లు తయారైన రోజుల్లో ఎవరూ ఊహించింది కాదు. పండక్కి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని అదే రోడ్డెక్కుతున్నాం కాబట్టి ఈ పని వాయిదా వేసేది కాదు.

ఒక్క విషయం మొదటే చెప్పాలి. బెల్టు కొనడం తేలిక, బిగించడమూ తేలికే. ఆ బోల్టు పట్టుకునే రేకు గట్టిగా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. బెల్టు బిగించే చోట్ల బలాన్ని పరీక్షించే ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్14 ప్రకారం, కార్లలో ఒక త్రీ పాయింట్ బెల్టు (భుజాన్నీ నడుమునీ కలిపి పట్టేది) మీద భుజం వైపు సుమారు 1,350 కిలోలు, నడుం వైపు మరో 1,350 కిలోల లాగుడు ఒకేసారి పెట్టి చూస్తారు. అంటే ఒక్క మనిషి బెల్టుకి రెండు టన్నుల ఏడు వందల కిలోలు. కారు ఫ్లోరు రేకు మందం మిల్లీమీటరుకి అటూఇటూ. ఆ రేకుకి కన్నం పెట్టి వాషరేసి బోల్టు బిగిస్తే, గుద్దుకున్న క్షణంలో అది రేకుని చింపుకుని బయటికొచ్చేస్తుంది. అలాంటి బెల్టు ఉంది కదా అని ధీమాగా కూర్చోవడం, బెల్టు లేదని తెలిసి జాగ్రత్తగా వెళ్లడం కన్నా ప్రమాదం.

ముందు తుప్పు లెక్క తేల్చాలి

మన డెల్టాలో కారుకి మొదటి శత్రువు తుప్పు. సముద్రపు గాలి, చెరువుల మీదుగా వచ్చే ఉప్పు తేమ, వరదలు, ముంపులు. కోనసీమలో ఏళ్ల తరబడి ఉన్న బండైతే 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు తుపాను కూడా చూసి ఉండొచ్చు. కొన్నవాళ్లయితే అమ్మినాయన్ని మొహమాటపడకుండా అడగండి: బండి ఎప్పుడైనా నీళ్లలో నిలబడిందా? నిలబడితే ఎంతెత్తు వచ్చాయి? చక్రాల పైదాకా వచ్చాయంటే, మనం బోల్టులు వేయబోయే చోట్లన్నీ తడిసినట్టే.

వెనక సీటు కుషన్, వీపు రెండూ ఊడదీయండి. పక్క డోరు వెనకున్న ట్రిమ్ బోర్డులు, ఫ్లోరు మీది మ్యాట్లు, వాటి కింది తారు షీట్లు, అన్నీ తీసేయాలి. బ్యాటరీ వైరు ఊడదీసి పక్కన పెట్టండి. ఇప్పుడు రేకు కనిపిస్తుంది. మంచి టార్చిలైటు పెట్టుకుని, వెడల్పు పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌ని తిరగేసి, చక్రం పైనుండే గుండ్రటి రేకు (చక్రం గుబ్బ) మీద అంగుళానికొక దెబ్బ చొప్పున తట్టుకుంటూ రండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది డబ్‌మని చప్పగా పలుకుతుంది. అలా పలికిన చోట మొనతో గట్టిగా పొడవండి. పెయింటు కింద రేకు అప్పడంలా పొరలుపొరలుగా విరిగిందంటే అక్కడ బోల్టు మాట మర్చిపోవాలి.

తర్వాత అయస్కాంతం. పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ వెళ్లండి. పట్టు వదిలేసిన చోట లోపల లప్పం ఉంది, రేకు లేదు. చాలా పాత బళ్లకి ఎప్పుడో ఒకప్పుడు టింకరింగ్ షాపులో తుప్పు కన్నాల మీద లప్పం నింపి, రంగేసి పంపించి ఉంటారు. పైకి అద్దంలా ఉంటుంది. "రేకు గట్టిదేనండి, ఏం పర్లేదండి ఆయ్" అని మేస్త్రి ఎంత భరోసా ఇచ్చినా, అయస్కాంతం అంటుకోకపోతే ఒప్పుకోకండి.

కింద నుంచి కూడా చూడాలి. బండిని జాకీ మీద మాత్రమే ఉంచి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి, లేదంటే సర్వీస్ సెంటర్లో లిఫ్టు ఎక్కించాలి. వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) బాడీని పట్టుకునే చోటు, పక్క సిల్లులు (డోర్ల కింద పొడవునా ఉండే రేకు), ఫ్లోరు అంచు. ఈ మూడు చోట్ల తుప్పు ఉంటే బెల్టు పని ఆపేసి ముందు రేకు పని చేయించండి. చెడిన రేకు కోసి, కొత్త రేకు వేసి, పూర్తిగా అతికించాలి. పాత రేకు మీదే కొత్త ముక్క పరిచి నాలుగు చుక్కలు వెల్డింగ్ పెడితే ఆ రెంటి మధ్య నీరు చేరి ఏడాది తిరక్కుండా మళ్లీ తినేస్తుంది.

ట్రిమ్ తీసినప్పుడు ఇంకోటి గమనించండి. కొన్ని కార్లకి బెల్టు పెట్టకపోయినా, కంపెనీలోనే రేకు వెనక నట్టు వెల్డు చేసి పైన ప్లాస్టిక్ మూత పెట్టి వదిలేస్తారు. అలాంటి నట్టు దొరికితే సగం పని అయిపోయినట్టే, అది తుప్పు పట్టకుండా ఉంటే.

బెల్టు ఎంపిక

వెనక రెండు పక్కలకీ రీలుతో వచ్చే త్రీ పాయింట్ బెల్టు తీసుకోవాలి. వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: ఒక పట్టీ భుజం మీదుగా, అదే పట్టీ నడుం మీదుగా, పక్కన బకిల్. కొనేటప్పుడు పట్టీకి కుట్టిన లేబుల్ చూడండి. ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్16 ప్రకారం చేసినదైతే వృత్తంలో ఇ అక్షరం, పక్కన అంకె ఉంటుంది. మన దేశంలో తయారైనవాటి మీద భారతీయ ప్రమాణం వివరాలుంటాయి. లేబుల్ లేని బెల్టు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

పాత సామాన్ల కొట్లో దొరికేవీ వద్దు. ప్రమాదంలో ఒకసారి బరువు మోసిన పట్టీ సాగిపోయి ఉంటుంది, కంటికి కనిపించదు. పొడవు ఎక్కువైతే సీటు కవర్ల షాపులో కత్తిరించి కుట్టించడం మరీ వద్దు. కంపెనీ కుట్టుకి వాడే దారం, కుట్టు తీరు, కుట్ల లెక్క అన్నీ పరీక్షించి పెట్టినవి. రెగ్జిన్ కుట్టే మిషను దానికి సరిపోదు. సరైన పొడవులో ఉన్న బెల్టునే తెప్పించుకోండి.

రీలు విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. రీలు లోపల చిన్న గుండో, లోలకమో ఉంటుంది. కారు ఒక్కసారిగా ఆగితే అది కదిలి రీలుని లాక్ చేస్తుంది. ఆ గుండు సరిగ్గా పని చేయాలంటే రీలు నిర్ణీత కోణంలో నిలబడాలి. నిలువు గోడ మీద పెట్టడానికి చేసినది ఏటవాలుగా ఉన్న చక్రం గుబ్బ మీద బిగిస్తే, అసలు పట్టీ బయటికే రాదు, లేదా లాక్ కావాల్సినప్పుడు కాదు. ఆర్16 ప్రకారం కారు కదలికకి స్పందించే రీలు 12 డిగ్రీల వంపు వరకూ లాక్ కాకూడదు, 27 డిగ్రీలు దాటితే లాక్ కావాలి. కాబట్టి ముందుగా రీలు కూర్చునే చోటు కోణం కొలవండి. బండి సమతలమైన నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉండగా, ఫోనులోని లెవెల్ యాప్‌తో ముందూ వెనకా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఆ రెండు కోణాలూ చెప్పి దానికి తగ్గ రీలు అడగండి. కోణం మార్చుకునే వీలున్న రీళ్లూ దొరుకుతాయి. కమాన్లు కుంగి వెనక భాగం కిందికి వాలి ఉంటే ముందు కమాన్ల పని చేయించాకే కొలవాలి, లేకపోతే ఆ కొలత తర్వాత పనికిరాదు.

బోల్టు ఎక్కడ పడాలి

పక్క సీటుకి నాలుగు చోట్లు కావాలి. భుజం దగ్గర పట్టీ తిరిగే రింగు, కింద రీలు, డోరు వైపు పట్టీ కొస, లోపలి వైపు బకిల్.

సెడాన్ కారుకి వెనక అద్దం కింద బల్లలాంటి రేకు ఉంటుంది, రీలు అక్కడ పెట్టేయొచ్చు. ఎస్టేట్‌కి ఆ బల్ల లేదు. అందుకే కొందరు రీలుని చక్రం గుబ్బ మీద పెట్టి, పట్టీని నేరుగా సీటు వీపు మీదుగా భుజం మీదికి లాగుతారు. ఇది చాలా చెడ్డ పద్ధతి. భుజం కన్నా కింద నుంచి వచ్చే పట్టీ, గుద్దుకున్నప్పుడు మనిషిని వెనక్కి పట్టుకోవడంతో పాటు భుజాన్ని కిందికి నొక్కుతుంది. ఆ బరువంతా వెన్నెముక మీద పడుతుంది. రింగు తప్పనిసరిగా కూర్చున్న మనిషి భుజం ఎత్తులోనో, దానికి కాస్త పైనో ఉండాలి. తుంటి కీలు నుంచి పైకి 450 మిల్లీమీటర్ల కన్నా కిందికి రానివ్వకండి. ఎస్టేట్‌లో దీనికి సరైన చోటు వెనక డోరు వెనకుండే పిల్లర్, అంటే పైకప్పుని మోసే నిలువు స్తంభం.

నడుం పట్టీ కొసలు రెండూ సీటు కుషన్, వీపు కలిసే చోటుకి దగ్గరగా, ఫ్లోరు మీదో సీటు కింది అడ్డ రేకు మీదో పడాలి. పక్క నుంచి చూస్తే నడుం పట్టీ నేలతో చేసే కోణం 30 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. 45కి తగ్గకుండా చూసుకుంటే మంచిది. మరీ పడుకున్నట్టు ఉంటే పట్టీ తుంటి ఎముక మీద నుంచి జారి పొట్టలోకి దిగుతుంది. కొసల మధ్య దూరం పక్క సీటుకి కనీసం 350 మిల్లీమీటర్లు, మధ్య సీటుకి కనీసం 240. ఏ కొసా మడత సీటు ఫ్రేముకి తగిలించకండి. ఆ ఫ్రేము మనిషి బరువు లాగడానికి చేసింది కాదు.

డ్రిల్లు ముట్టుకునే ముందు సీటు తాత్కాలికంగా పెట్టి, ఇంట్లో పొడుగాటి మనిషినీ పొట్టి మనిషినీ కూర్చోబెట్టి, నవారు పట్టీతో దారి గీసి చూడండి. పట్టీ భుజం ఎముక మధ్యలోంచి పోవాలి. మెడకి రాసుకోకూడదు, భుజం అంచు నుంచి జారిపోకూడదు.

ప్లేట్లు, బోల్టులు

బెల్టుల కోసం ప్రపంచమంతా వాడే బోల్టు ఏడు బై పదహారు అంగుళాలది, అంగుళానికి 20 మరలున్న యూఎన్‌ఎఫ్ (సన్న మర రకం). మన హార్డ్‌వేర్ షాపులో అడిగితే 12 ఎంఎం బోల్టు చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. పాత ఇంగ్లీషు కార్ల సామాన్లలో అదే సైజు బీఎస్‌ఎఫ్ (పాత బ్రిటిష్ సన్న మర) కూడా దొరుకుతుంది, దాని మరలు అంగుళానికి 18. అలాంటి బోల్టు రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేసినట్టు అనిపిస్తుంది, బలంగా తిప్పితే మరలు నాశనమవుతాయి. బెల్టుతో పాటు వచ్చిన బోల్టునే వాడండి. వాటి మెడ దగ్గర చిన్న భుజం ఉంటుంది, గట్టిగా బిగించాక కూడా బెల్టు కొస అటూఇటూ తిరగడానికి అదే కారణం. మామూలు బోల్టు వేస్తే కొస బిగుసుకుపోయి పట్టీ మెలిపడుతుంది.

బోల్టు వెనక ప్లేటు తప్పదు. మందం 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, విస్తీర్ణం కనీసం 40 చదరపు సెంటీమీటర్లు. రేసు కార్లకి పెట్టే కొలత ఇది. 75 మిల్లీమీటర్ల చదరపు ముక్క తీసుకుంటే 56 వస్తుంది, నిశ్చింత. లేత్ షాపులో మెత్తని ఉక్కు పలకతో చేయించి, మధ్యలో యూఎన్‌ఎఫ్ నట్టు వెల్డు చేయించండి. మూలలు గుండ్రంగా రాయించి, అంచుల్ని రేకుకి దూరంగా కాస్త వంచమనండి. పదునైన మూల, లాగుడు వచ్చినప్పుడు రేకుని కత్తిలా కోస్తుంది. ప్లేటు ఎప్పుడూ లాగుడుకి అవతలి వైపే ఉండాలి. పట్టీ లోపల నుంచి లాగుతుంది కాబట్టి ప్లేటు కింద నుంచి, బయట నుంచి రేకుకి ఆనాలి.

కన్నం, వెల్డింగ్

కన్నం పెట్టే చోట కింద ఏముందో చేత్తో తడిమి చూడండి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపు, బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేకు వైరు, టెయిల్ లైటు వైర్లు అన్నీ ఆ చుట్టుపక్కలే పోతాయి. ట్యాంకు దగ్గర వెల్డింగ్ ఉంటే ట్యాంకు దించేయాల్సిందే. తడిగుడ్డ కప్పి కానిచ్చేద్దాం అనే మేస్త్రి దగ్గర పని చేయించకండి.

ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో చిన్న కన్నం, తర్వాత మెల్లగా పెంచుతూ పన్నెండు లోపు. కన్నం అంచులు ఆకురాయితో నున్నగా చేసి, ఇనుము బయటపడ్డ చోట వెంటనే ప్రైమర్ వేయాలి. మన గాలిలో రేపు చూద్దాంలే అంటే తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

పిల్లర్ పని కష్టమైనది. అది రెండు రేకులు కలిపిన బోలు గొట్టం. లోపలి రేకుకి ఒక్కదానికే బోల్టు బిగిస్తే అది ఊడొస్తుంది, రెండు రేకులూ కలిపి బిగిస్తే మధ్యలో ఖాళీ కాబట్టి పిల్లర్ నొక్కుకుపోతుంది. లోపలి రేకుకి కిటికీలా కోసి, నట్టు ఉన్న ప్లేటు లోపల ఆనించి, చుట్టూ వెల్డింగ్ చేసి, కోసిన ముక్క తిరిగి అతికించాలి. ఇది సీఓటూ వెల్డింగ్‌తోనే చేయించండి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు చుట్టూ మెత్తబడి వంకర పోతుంది. బాడీ రేకు మీద సీఓటూ పని చేసిన అనుభవం ఉన్న మేస్త్రి రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంటే అక్కడిదాకా వెళ్లడం దండగ కాదు. మొత్తం పనిలో ఈ భాగం మాత్రం మీరు సొంతంగా నేర్చుకుంటూ చేసేది కాదు.

వెల్డింగ్ ఆరాక ప్రైమర్, సీలెంట్, పైన అండర్‌కోటింగ్. పిల్లర్ లోపలికి మైనం స్ప్రే కొట్టించండి, అక్కడికి మళ్లీ చెయ్యి పోదు.

బిగింపు, పరీక్ష

రీలు బిగించే ముందు చేతిలో పట్టుకుని, అది కూర్చోబోయే కోణంలో ఉంచి పట్టీ నెమ్మదిగా లాగండి. స్వేచ్ఛగా రావాలి. రీలుని 30 డిగ్రీలు వంచితే ఆగిపోవాలి. విసురుగా లాగినా ఆగిపోవాలి. ఈ మూడూ జరిగితేనే బండికెక్కించండి.

రీలు, రింగు, డోరు వైపు కొస, చివరికి బకిల్. బోల్టులు చేత్తో నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగాలి, మొదటి చుట్టులోనే పానా కావాలంటే మర తప్పు పడుతోందన్నమాట. పట్టీలో మెలిక లేదని చూసుకుని టార్క్ రెంచితో బిగించండి. బెల్టుతో వచ్చిన కాగితంలో ఉన్న అంకే ఆఖరి మాట, సాధారణంగా అది 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. సీటు పెట్టాక బకిల్ కుషన్ కిందికి కూరుకుపోకుండా, సీటు కవరు దాన్ని కప్పేయకుండా చూడండి. దొరకని బకిల్‌ని ఎవరూ పెట్టుకోరు.

ఆఖరి పరీక్ష ఖాళీ రోడ్డు మీద. వెనక ఎవరూ రాని చోట, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంలో బ్రేకు గట్టిగా వేయించండి. వెనక కూర్చున్న పెద్దవాళ్లు అదే క్షణంలో పట్టీ లాగితే అది కదలకూడదు.

మధ్య సీటు, పిల్లలు, వెనక సామాను

మధ్యలో పాత కార్లకి రింగు పెట్టే చోటుండదు. అక్కడ నడుం బెల్టు ఒక్కటే సాధ్యం, అది కూడా తుంటి మీద బిగుతుగా. ముగ్గురికన్నా ఎక్కువమందిని ఇరికించడం మానాలి, ఒకే బెల్టులో ఇద్దర్ని కట్టడం అసలు వద్దు. గర్భిణులకి నడుం పట్టీ పొట్ట కింద నుంచి, భుజం పట్టీ పొట్టకి పక్కగా పోవాలి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలకి బూస్టర్ సీటు కావాలి, లేకపోతే భుజం పట్టీ మెడ మీద పడుతుంది. వెనక సామాను చోట పిల్లల్ని కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అక్కడ బెల్టు పెట్టే దారి లేదు, కాబట్టి అక్కడ మనుషులు ఉండకూడదు.

ఎస్టేట్‌కి ఇంకో సమస్య సామానే. సీటు వెనక కొబ్బరికాయల బస్తా, బియ్యం బస్తా వేసుకుని బయల్దేరతాం. బెల్టు మనిషిని ఆపుతుంది, బస్తా మాత్రం సీటు వీపు మీదికి వస్తుంది. మడత సీటు గొళ్లేలు గట్టిగా పడుతున్నాయో లేదో చూడండి. అరిగినవి మార్పించండి. బస్తాలు నేల మీదే, సీటు వీపుకి ఆనించి, ఫ్లోరుకున్న కొక్కేలకి తాడుతో కట్టాలి.

కాలవలో పడితే?

మన దగ్గర బెల్టు మాటెత్తితే మొదట వచ్చే ప్రశ్న ఇదే. కాలవ గట్టు రోడ్లున్న ఊళ్లలో ఈ భయం సహజం. కానీ నీళ్లలో పడే ముందు చాలాసార్లు కారు గట్టునో చెట్టునో రాయినో గుద్దుకుంటుంది. బెల్టు లేనివాళ్లకి అక్కడే తల పగిలి స్పృహ తప్పొచ్చు. స్పృహ ఉన్నవాళ్లే బకిల్ నొక్కి బయటికి రాగలరు. బెల్టు కోసే చిన్న కత్తి, అద్దం పగలగొట్టే సుత్తి కలిసిన పనిముట్టు దొరుకుతుంది. ఒకటి డ్రైవర్ చేతికి అందేలా, ఒకటి వెనక సీటు వాళ్లకి అందేలా బిగించండి, డ్యాష్‌బోర్డు అరలో పడేస్తే అవసరానికి దొరకదు. పాత కార్లకి అద్దాలు చేత్తో తిప్పేవి కావడం ఇక్కడ మేలే, కరెంటు పోయినా దిగుతాయి. క్రమం ఇంట్లో అందరికీ నేర్పండి: బకిల్ తీయాలి, అద్దం దించాలి, పిల్లల్ని ముందు బయటికి పంపాలి.

కాగితాలు, ఏటేటా తనిఖీ

బెల్టులు పెట్టినంత మాత్రాన ఆర్సీలో సీట్ల సంఖ్య మారదు, మార్చకూడదు కూడా. అయితే మీ బండి యాభై ఏళ్లు దాటి, 2021 వింటేజ్ నిబంధనల కింద వీఏ నంబరు తీసుకోవాలని ఉంటే, బాడీ షెల్లులో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉండాలన్న షరతు ఉంది. పిల్లర్ కోసే ముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. బెల్టులు బిగించాక పెట్టుకోవడం మానేస్తే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్లినా అంతే.

ఏటా వానాకాలం వెళ్లాక ట్రిమ్ విప్పి ప్లేట్ల చుట్టూ చూడండి. ఎర్రటి చార కనిపిస్తే గీకి, మళ్లీ ప్రైమర్ వేయండి. పట్టీ మురికైతే గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు, బ్లీచింగ్ వద్దు. అంచులు పీచుపీచుగా లేచినా, రీలు పట్టీని పూర్తిగా లాక్కోకపోయినా బెల్టు మార్చేయాలి. ఒకసారి గట్టిగా గుద్దుకున్న బండికి బెల్టులూ బోల్టులూ కొత్తవే, ప్లేట్ల చుట్టూ రేకు మళ్లీ తట్టి చూడాల్సిందే. ట్రిమ్ మూసేముందు ప్రతి ప్లేటుకీ ప్రతి వెల్డింగుకీ ఫోటోలు తీసి, బిల్లులతో కలిపి ఆర్సీ కవర్లో పెట్టండి. రేపు బండి ఎవరి చేతికెళ్లినా లోపల ఏముందో వాళ్లకి తెలియాలి.